బీరన్న కాలి బేరం

నాగరాణికి భయపడడానికి కారణం అక్కర్లేదు. పాప తుమ్మితే నిమ్ము చేసిందంటుంది. తుమ్మకపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. "ఫికర్ చేసుడుల పందెం పెడితే నా కోడలికి ఇనాం గ్యారంటీ" అని అత్త కాశమ్మ వాడంతా చెప్పి నవ్వుతుంది. అయితే ఈ ఏడు మాత్రం నాగరాణి భయానికి సరైన కారణమే దొరికింది. అది మామ బీరన్న కుడి మోకాలు.

బషీరాబాద్‌కు ఇవతల, కన్నడం తెలుగు ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే ఊరు వాళ్లది. తాతల నాటి నుంచి గొర్ల మందే బతుకు. ఎండలు మొదలైతే మేత కోసం మంద కృష్ణ ఒడ్డు దాకా నడుస్తుంది, వానలు పడ్డాక తిరిగొస్తుంది. కొన్నేళ్ల కింద మంద తాండూరు రోడ్డు దాటుతుంటే వెనక నుంచి బండల లారీ హారన్ కొట్టింది. బెదిరిన గొర్లకు అడ్డం పోబోయి బీరన్న కల్వర్టు పక్క గుంతలో పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. ఆకుకట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కోవడమైతే అతుక్కుంది గానీ, ఎవర్నీ అడక్కుండా దాని ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది.

ఆ కాలితోనే ఆయన ఏటా మంద వెంట పోతున్నాడు. పోయిన ఎండాకాలం మామ ఎక్కడో వాగు దిగుతూ పడ్డాడని మొగుడు గణేశ్ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాగరాణికి నిద్ర లేదు.

"ఇంటికాడ ఉండరాదు మామా. గొర్లను గణేశ్ చూసుకుంటడు కదా" అని బతిమాలింది.

"ఇంటికాడ ఉండి ఎవని కష్టం తినాలె? నేను కూసొని తినెటోన్ని కాదు" అన్నాడు బీరన్న. చాలాసేపు మీసం దువ్వుకుని, చివరికి ఒక మాట ఇచ్చాడు. "సర్కారోళ్లు గీ కాలుకు పింఛను ఇస్తే ఉంట. అది నా కాలు సంపాయించిన పైస. రాకుంటే మాత్రం మందతోని పోత. బీరప్ప మీద ఆన."

కులదైవం బీరప్ప మీద ఆన అంటే ఆ ఇంట్లో ఇక పై కోర్టు లేదు.

వైకల్యం ఎంతో కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి తాండూరులో పెట్టిన క్యాంపుకు గణేశ్ తండ్రిని తీసుకెళ్లాడు. కాశమ్మ మొగుడికి కొత్త ధోవతి కట్టించి, మీసానికి నూనె రాసి పెళ్లికొడుకులా పంపింది. పరీక్ష గదిలోకి కొడుకును రావద్దన్నాడు బీరన్న. "నా కాలు సంగతి నాకు ఎరికలేదా?" అన్నాడు. వైకల్యం నూటికి నలబై ఉంటేనే పింఛను. బీరన్నకు వచ్చింది ముప్పై రెండు.

"ఇంట్ల పది తప్పింది నా కోడలొక్కతే అనుకున్న" అంది కాశమ్మ. "ఇప్పుడు ఆమెకు జోడు దొరికిండు."

నాగరాణి పది తప్పలేదు, మధ్యలో మాన్పించారు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అత్త చెవికెక్కదు. కానీ ఈసారి దాని మీద వాదించే తీరిక లేదు. మాఘం దాటితే మంద కదులుతుంది. మీసేవకు పోయి, రిపోర్టును మళ్లీ చూడాలని అర్జీ పెట్టించింది. వికారాబాద్‌కు రమ్మని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఈసారి తనే పోతానంది.

తయారీ మొదలైంది. వీధి చివరి భీమమ్మ దగ్గర చంక కట్టె అడిగి తెచ్చింది. మామను వాకిట్లో నడిపించి చూసింది.

"గట్ల కాదు మామా, జర కుంటు."

"కుంటుతనే ఉన్న కదనే?"

"కనబడేటట్టు కుంటు."

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న కాశమ్మ నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుంది. "నాటకం కంపెనీ పెడతరా ఇద్దరు? నాకు టికెట్ ఉత్తగనే ఇయ్యుండ్రి."

రమ్మన్న రోజు పొద్దున్నే ఆటోలో తాండూరు చేరి రైలెక్కారు. చంకలో పాప, భుజాన పాల సీసాల సంచి, పెదవుల మీద బీరప్ప పేరుతో నాగరాణి ముందు. గొంగడి మడిచి భుజాన వేసుకుని బీరన్న వెనక. చంక కట్టె ఏదని తిరిగి చూస్తే, అది ఆయన రెండో భుజం మీద ఉంది. దానికి అన్నం మూట వేలాడుతోంది.

"మామా! అది చంకల పెట్టుకునేది."

"మంచిగున్నది బిడ్డా, మూటకు మస్తు పనికొస్తున్నది."

వికారాబాద్ స్టేషన్లో మెట్ల వంతెన ఎక్కాలి. బీరన్న నాలుగు మెట్లెక్కి ఆగాడు. కమ్మీ పట్టుకుని దూరంగా చూస్తూ "అనంతగిరి గుట్టలు ఎంత పచ్చగున్నయి సూడు" అన్నాడు. మరో నాలుగెక్కి మళ్లీ ఆగి మళ్లీ గుట్టల్ని మెచ్చుకున్నాడు. గుట్టలు అటు పక్కన లేవని నాగరాణికి తెలుసు. తనూ ఆగి, పాపకు లేని గుట్టల్ని చూపించింది.

ఆసుపత్రి వరండా నిండా జనమే. బెంచీ మీద ఒక పెద్దమనిషి చోటిచ్చాడు. పేరు రాధాకిషన్, తాండూరులో కందిపప్పు దుకాణమట. పక్షవాతం తర్వాత కుడి చెయ్యి పైకి లేవడం లేదు. ఇది ఆయనకు మూడోసారి రావడం. అందుకని వరండాలో ఉన్నవాళ్లందరికీ ఆయనే సలహాదారు.

"తాతా, లోపలికి పోంగనే మూలుగాలె" అన్నాడు. "అబ్బా, అయ్యో అనాలె. నోరున్నోనిదే రాజ్యం."

"మూలుగుడేంది సేటూ? ముసలి బర్రెనా నేను?" అన్నాడు బీరన్న. "యాభై ఏండ్ల సంది అంగడి జేస్తున్న. ఒక్కనాడు నా గొర్రెకు వంక ఉన్నదని నా నోటితోని చెప్పలే. కొడంగల్ అంగట్ల కుంటి పొట్టేలును అమ్మిన కత చెప్పాల్నా?"

"చెప్పు చెప్పు." సేటు దగ్గరికి జరిగాడు. వ్యాపారికి ఇంకో వ్యాపారి కిటుకు కంటే తియ్యనిది లేదు.

"కాలు దెబ్బతిన్న పొట్టేలు. ఎవడు కొంటడు? ముందుగాల్ల, అంగడికి ఒక రోజు ముంగట దాన్ని కదలనియ్యలే. పండవెట్టి మేపిన. ఇగ అంగట్ల ఏం జేసిన, మంచి కాలు ముంగటికి, కుంటి కాలు ఎనుకకు పెట్టి నిలవెట్టిన. పక్కకు మొండి గోడ. దానికి ఆనిచ్చిన. కొనెటోడు వచ్చి నడిపిచ్చు అన్నడు. నడిపిస్తే దొరికిపోత కదా? పిడికిట్ల ఉప్పు వట్టుకొని పిలిచిన. ఉప్పంటే ఉరుకొస్తది. ఉరుకుతుంటే కుంటుడు కనబడది!"

సేటు ఎడమ చేత్తో తొడ చరిచాడు. "వారెవ్వా! దొంగవే నువ్వు."

"దొంగనెట్లయిత? అమ్మెటోడు వంక చెప్పడు, కొనెటోడు మంచి చెప్పడు. అంగడి నాయం గది."

నాగరాణి నవ్వుతూనే మామ వైపు చూసింది. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

కథ చెప్పే ఊపులో బీరన్న బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఎడమ కాలు ముందుంది. కుడి కాలు దాని వెనక దాక్కుంది. భుజం గోడకు ఆనింది.

తాండూరు పోయే ముందు రోజు మామ పగలంతా మంచం దిగలేదని ఆమెకు గుర్తొచ్చింది. ఒంట్లో బాగా లేదేమోనని అప్పుడు తను కషాయం కూడా కాచి ఇచ్చింది. తర్వాత, తలుపు సందులోంచి తొంగి చూసిన గణేశ్ చెప్పిన మాట గుర్తొచ్చింది. నాయిన టేబుల్‌కు ఆని నిలబడ్డాడని, డాక్టరు నడిచి చూపించమంటే తలుపు నుంచి కిటికీ దాకా ఉరికినట్టే పోయాడని అన్నాడు.

"మామా" అంది మెల్లగా. "తాండూర్ల నువ్వు కాలు చూపియ్యలేదు. అమ్మినవ్."

"ఏందది?"

"డాక్టరు వచ్చి కాలు ఒత్తి చూస్తుంటే, కొనెటోడు వచ్చి నడుము వట్టి చూస్తున్నట్టు అనిపిచ్చింది కదా నీకు? మంచి కాలు ముంగటికి పెట్టినవ్. టేబుల్‌కు ఆనినవ్. ఉరికినవ్. ఇగ ఉప్పొక్కటే తక్కువ!"

సేటు పగలబడి నవ్వాడు. వరండాలో సగం మంది ఇటు తిరిగారు. బీరన్న తన కాళ్ల వైపు వంగి చూసుకున్నాడు. వెనక దాక్కున్న కుడి కాలు కనిపించింది. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా దాన్ని కొంచెం ముందుకు జరిపాడు. అది ఆయనకు తెలియకుండానే మళ్లీ వెనక్కి పోయింది.

"అలవాటు బిడ్డా" అన్నాడు. "పెయ్యిల, నెత్తుర్ల వట్టింది. పరాయోడు చెయ్యేసి చూస్తుంటే, వంక చెప్పనీకె నాకు నోరు రాదు."

నాగరాణికి ఏడుపొచ్చింది. ఇంతదూరం వచ్చి, లోపల మళ్లీ అదే బేరమైతే? మంద కదులుతుంది. ఈయన వెంట పోతాడు. వాగులు దిగుతాడు. పాప ఆమె పుస్తెలతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. తాడు లాగి, ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి అంది.

"అయితే ఇయ్యాల నువ్వు అమ్మెటోనివి కాదు మామా. కొనెటోనివి."

"ఏం కొనాలె?"

"గీ కాలే. ఎవడో దలాలి గీ కాలును అంగడికి తోలుకొచ్చిండనుకో. మస్తుగున్నది, గుల్బర్గ దాక నడుస్తది అంటున్నడు. నువ్వు కొంటవా?"

బీరన్న బెంచీ మీద కూర్చున్నాడు. ధోవతి పైకి జరిపి, పరాయి వస్తువును చూసినట్టు తన మోకాలి వైపు చూశాడు. బొటనవేలితో చిప్ప చుట్టూ నొక్కాడు. పిక్క పట్టి చూశాడు, తొడ పట్టి చూశాడు. ఎడమ తొడను కూడా పట్టి, రెంటినీ తూచినట్టు తల ఆడించాడు. మంచి బేరగాడి మొహం పెట్టి, పెదవి విరిచాడు.

"ఉత్తగ ఇచ్చినా కొన" అన్నాడు.

అప్పుడే లోపలి నుంచి పేరు పిలిచారు.

ఎముకల డాక్టరు అరుణాదేవి మొదట పాత రిపోర్టు తెరిచింది. చదువుతూ చదువుతూ కళ్లజోడు పైనుంచి బీరన్నను చూసింది.

"ఇది నీ గురించే రాసిండ్రా తాతా? సాయం లేకుండ నడుస్తడట. నొప్పి లేదట. కింద కూసొని లేస్తడట. మెట్లకు ఇబ్బంది లేదట. ఎంత దూరం నడుస్తవంటే, మీరు అలిసిపోతరు సారు, నేను అలవ అన్నవట."

"గా పొద్దు మస్తు మాట్లాడిన" అని ఒప్పుకున్నాడు బీరన్న. నాగరాణి పాప తలలో మొహం దాచుకుంది.

"మోకాలు ఎంత వంగుతదో సారు సక్కగనే కొలిచిండు, ఎక్స్‌రేతోని సరిపోతున్నది. మిగిలింది నువ్వేం చేయగలుగుతవు అనేదాని మీద ఉంటది. మెట్లు, కూసునుడు, నిలబడుడు. దాంట్ల నువ్వు ఫస్టు క్లాసుల పాసైనవ్. ఇక్కడ పాసైతే ఫెయిలైనట్టే తాతా." ఆమె కాగితం పక్కన పెట్టింది. "ఆ చంక కట్టె ఎప్పటి సంది వాడుతున్నవ్?"

నాగరాణి పాప ముక్కు తుడవడం మొదలుపెట్టింది.

"నాది కాదమ్మా, భీమమ్మది. అన్నం మూటకు తెచ్చిన" అన్నాడు బీరన్న.

డాక్టరమ్మ నాగరాణి వైపు చూసింది. నాగరాణి చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు గానీ, పెదవి చివర చిన్న నవ్వు మాత్రం దాచలేకపోయింది.

"సరే. ఇప్పుడు చెప్పు. కాలు ఎట్లున్నది?"

బీరన్న ఒళ్లు తన అలవాటు ప్రకారం తాను సర్దుకోబోయింది. ఎడమ కాలు ముందుకు, వీపు నిటారుగా. నాగరాణి వెనక నుంచి చిన్నగా దగ్గింది. "కొనెటోడు" అంది గొణుగుతూ.

బీరన్న గొంతు సవరించుకున్నాడు.

"కాలు మంచిది కాదు డాక్టరమ్మా. పైకి కనబడది గని అన్నీ వంకలే. మోకాలు మడవది. కింద కూసుంటే కట్టె లేంది లేవది. పొద్దుగాల మొద్దువారి ఉంటది, జరసేపు గోడ వట్టుకుంటే గని సోయికి రాది. మెట్లకు పనికిరాది. నాలుగు మెట్లకే ఆగుతది." ఆయన నాగరాణి వైపు చూడలేదు. "ఆగి గుట్టలు చూస్తున్నమని అబద్ధం చెప్తది."

డాక్టరమ్మ రాసుకుంటోంది. బేరగాడికి ఊపు వచ్చింది. ఎదుటివాడి సరుకులో వంకలు తీయడమంటే బీరన్నకు చిన్నప్పటి నుంచీ పండగే.

"వాలు ఉంటే దిగది. కూసొని జారాలె. గొర్రె పక్కకు పోతే ఉరకది, కుక్కను ఉసిగొల్పాలె. దీన్ని కొన్నోనికి కుక్క గూడ కొనాలె. పోయిన ఎండాకాలమైతే..."

గొంగడి అంచు వేళ్లతో నలిపాడు.

"పోయిన ఎండాకాలం వాగుల పడినంక, గీ కాలు లేవనే లేదు. మందోళ్లు గాడిద మీద కూసోవెట్టిండ్రు. నడవలేని గొర్రెపిల్లలను ఏస్తం కదా, వాటి నడుమ. ఊళ్లకు ఊళ్లు గట్లనే పోయినం. చూసినోళ్లు నవ్విండ్రు. ఇంట్ల చెప్పొద్దని కొడుకుతోని ఒట్టేయించుకున్న."

నాగరాణికి తెలిసింది మామ పడ్డాడని మాత్రమే. గాడిద సంగతి గణేశ్ ఆమెకు కూడా చెప్పలేదు. నాటకం కంపెనీ అని అత్త నవ్విన పొద్దు గుర్తొచ్చింది. కనబడేలా కుంటు మామా అని తను నేర్పింది. ఇన్నేళ్లుగా ఈయన కనబడకుండా కుంటుతున్నాడు. అది ఎంత కష్టమైన విద్యో ఆమెకు అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి లేచింది. నడిపించి చూసింది. ఈసారి ఉరకనివ్వలేదు, తనే పక్కన మెల్లగా నడిచింది. గుండ్రటి ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి మోకాలి వంపు చూసింది. టేపుతో రెండు తొడలూ కొలిచింది. చెడ్డ కాలు మీద ఒక్క క్షణం నిలబడమంది. నిలబడలేక తూలిన బీరన్నను తనే పట్టుకుంది. గది మూలన పెట్టిన మెట్ల చెక్క మీద ఎక్కించి దించింది. అన్నీ కంప్యూటర్లో కొట్టి, లెక్క వచ్చేదాకా ఆగింది.

"నలబై ఆరు వస్తున్నది తాతా" అంది.

నాగరాణి కళ్లు మూసుకుని బీరప్పకు దండం పెట్టింది. తెరిచేసరికి మామ భుజం మీది గొంగడి తీసి, డాక్టరమ్మ టేబుల్ మీద పరుస్తున్నాడు. అంగట్లో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. యాభై ఏళ్ల అలవాటు.

"నలబై ఆరంటే జర ఎక్కువైతది డాక్టరమ్మా" అన్నాడు కొనేవాడి గొంతుతో. "గింత ఖరాబు కాలుకు గంతనా? ముప్పై ఆరుకు ఇడువు, ఇప్పుడే తోలుకపోత."

"మామా!"

నాగరాణి అరుపుకు పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. పాపను మామ చేతుల్లో పడేసి, గొంగడి లాగేసి, చేతులు జోడించింది. "మేడం, గాయ్న మాట వట్టించుకోకుండ్రి. అంగడి అలవాటు. నలబై ఆరే. మీరు చెప్పిందే."

డాక్టరమ్మ నవ్వుతూ నవ్వుతూ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇక్కడ బేరం లేదు తాతా. ఒకటే ధర."

"గట్లయితే ఏం అంగడమ్మా ఇది?" అన్నాడు బీరన్న, నిజంగానే చిన్నబోయి.

వరండాలో రాధాకిషన్ ఎదురుచూస్తున్నాడు. "మూలిగినవా?" అన్నాడు ఆత్రంగా. "లేదు సేటూ, కొన్న" అన్నాడు బీరన్న. సేటుకు ఏమీ అర్థం కాలేదు. ఆయన పేరు పిలవడంతో మూలుగు సరిచూసుకుంటూ లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చాక కాశమ్మ సంగతంతా విని, గాడిద మాట దగ్గర మాత్రం లేచి లోపలికి పోయింది. కాసేపటికి బయటికి వచ్చి, కళ్లు తుడుచుకుని "గాడిదలకు గూడ ఎన్ని కష్టాలో" అంది.

మాఘం పోయింది. సర్టిఫికెట్ వచ్చింది, పింఛనుకు పేరు ఎక్కింది. ఒక తెల్లవారుజామున మంద కదిలింది. గణేశ్ ముందు, గొర్లు మధ్య, కుక్క వెనక. బీరన్న ఊరి చివరి దాకా సాగనంపడానికి వచ్చాడు. ఆయన వెంటే పాపను ఎత్తుకుని నాగరాణి. సాగనంపడానికే వచ్చాడా, సందు చూసి అటే పోతాడా అన్నది ఆమె భయం. ఆనలున్నా ఆమె భయం మానదు.

"ఇంటికి పోదామా మామా? చలి పెడుతున్నది" అంది.

"పోదాం తియ్యి. ఇంత ఫికరెందుకు?"

మంద మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. దారిలో పోతున్న పక్కూరి మనిషి ఒకడు ఆగి "ఏం బీరన్నా, ఈసారి పోలేదా?" అని అడిగాడు. నాగరాణి చెవులు రిక్కించింది.

"లేదు" అన్నాడు బీరన్న. "కాలు పనికిరాదు."

అలా అంటూ భీమమ్మకు తిరిగి ఇవ్వని చంక కట్టె మీద బరువు వేసి, కుడి కాలు ముందుకు చాచాడు. నాగరాణి ఆ కాలు వైపు చూసింది. మళ్లీ వెనక్కి పోతుందేమోనని కాసేపు చూస్తూనే ఉంది. పోలేదు.

పాప తాత మీదికి దుమికింది. "పడతవ్, పడతవ్" అంది నాగరాణి, అది ఎవరితో అన్నదో ఆమెకే తెలియదు.